ఈక్వడార్ రొయ్య దింపుతున్నాం, రోగం రిస్కు కాగితం ఎలా రాయాలి?

వేళచ్చేరి వాసు | సోమవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక సీఫుడ్ కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తాను. ఇన్నాళ్ళూ మా పనంతా ఎగుమతే. ఇప్పుడు మా ఎండీ గారికి కొత్త ఆలోచన వచ్చింది. ఈక్వడార్ నుంచి తలతో ఉన్న పచ్చి వనామి రొయ్యని గడ్డకట్టిన బ్లాకులుగా తెప్పించి, ఇక్కడ ఒలిచి, బ్రెడింగ్ చేసి మళ్ళీ బయటికి పంపుదామని. బయ్యరేమో "దిగుమతి సరుకుకి డిసీజ్ రిస్క్ అసెస్‌మెంట్ ఉందా?" అన్నాడు. ఎండీ గారు నావైపు తిరిగి "రెండు పేజీలు కొట్టెయ్యి వాసూ, శుక్రవారానికల్లా" అన్నారు.

నేను బీకాం. రొయ్య గురించి నాకు తెలిసింది ఇగురు ఒక్కటే. చివరికి ఇలా రాశాను: "సరుకు మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టి వస్తుంది కాబట్టి రోగక్రిములు బతకవు. రిస్కు సున్నా." సరిపోతుందా?

కావలి కుర్రోడు | సోమవారం, రాత్రి 9.31

సున్నానా! అబ్బయా, ఆ కాగితం మా నాయనకి మాత్రం చూపించబాక. 94-95లో మాది టైగర్ రొయ్య. సాయంత్రం మేత బాగా తినింది, పొద్దున పోయి చూస్తే గట్టు పక్కకొచ్చి తేలతా ఉంది. పెంకు మీద తెల్లటి చుక్కలు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ. మాదొక్కటే కాదు, ఆ కాలవ నీళ్ళు తోడుకున్న ప్రతి గుంటా అంతే. తైవాన్, చైనా వైపు 1992లో బయటపడిన రోగం రెండు మూడేళ్ళలో మా నెల్లూరు జిల్లాకి వచ్చేసింది. ఎట్టొచ్చిందని ఇప్పటికీ టీ అంగడి కాడ వాదించుకుంటానే ఉంటారు. ఇప్పటికీ మా ఇంట్లో వైట్ స్పాట్ అనే మాట ఎత్తితే మా అమ్మ లేచి లోపలికి పోతాది.

ల్యాబ్ లలిత | సోమవారం, రాత్రి 10.05

వాసు గారూ, చేపలు రొయ్యల రోగాల ల్యాబ్‌లో పని చేస్తున్నాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. వైట్ స్పాట్ వైరస్ చావకుండా దాచుకోవాలంటే మేం దాన్ని ఎక్కడ పెడతామో తెలుసా? ఫ్రీజర్‌లో. మీరు రక్షణ అనుకున్నదే దానికి దుప్పటి.

అన్ని క్రిములూ ఒకటి కావు. ఈఎంఎస్ అని రైతులు పిలిచే రోగాన్ని తెచ్చేది ఒక రకం విబ్రియో బాక్టీరియా. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేసియా, థాయ్‌లాండ్ చెరువుల్ని ఊడ్చేసింది. అది చలికి తట్టుకోలేదు, గడ్డకట్టిన సరుకుతో దాని భయం బాగా తక్కువ. వైరస్‌లు అలా కాదు. ఉడికిస్తే చస్తాయి, కానీ ఏ వైరస్‌కి ఎంత వేడి, ఎంతసేపు అన్నది దేనికది చూడాలి. అందుకని "రోగక్రిములు" అని గంపగుత్తగా రాయకండి. పేరు పేరునా రాయండి.

ఇక సున్నా అన్న మాట కొట్టేయండి. దిగుమతి చేసుకునే దేశాలు మామూలుగా ఆ మాట వాడవు. ఈ విషయంలో చాలా కఠినంగా ఉండే ఆస్ట్రేలియా కూడా తన లక్ష్యాన్ని "చాలా తక్కువ, కానీ సున్నా కాదు" అని రాసుకుంది.

వంటింటి వరం | సోమవారం, రాత్రి 10.20

అయ్యో, నిన్ననే చింతాద్రిపేట మార్కెట్‌లో రెండు కిలోలు కొన్నాను. ఆ వైట్ స్పాట్ ఉన్న రొయ్య తింటే మనకేమన్నా అవుతుందా? పిల్లలకి కూడా పెట్టాను!

ల్యాబ్ లలిత | సోమవారం, రాత్రి 10.24

ఏమీ కాదండీ. అది రొయ్యలు, పీతల జాతికే వచ్చే రోగం, మనిషికి అంటదు. మన ఒంటికి హాని చేసేవి వేరే, వాటి లెక్క ఫుడ్ సేఫ్టీ వాళ్ళు చూస్తారు. వాసు గారిని అడిగింది తినేవాళ్ళ ఆరోగ్యం గురించి కాదు, ఇక్కడి చెరువులు, కయ్యల (ఉప్పునీటి పాయల) ఆరోగ్యం గురించి. ఈ రెండూ కలిపేస్తే కాగితం అక్కడే చెడుతుంది.

అడ్డదిడ్డం | మంగళవారం, ఉదయం 7.48

లలిత గారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడొద్దు. వైట్ స్పాట్ మన దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉంది. దొంగలు పడ్డ ఇంటికి ఇప్పుడు తాళం ఎందుకు? అసలు ఈ "రిస్క్ అసెస్‌మెంట్" అంతా పెద్ద దేశాలు మన రొయ్యని ఆపడానికి కనిపెట్టిన మర్యాదస్తుల అడ్డంకి.

ల్యాబ్ లలిత | మంగళవారం, ఉదయం 8.30

మొదటి ప్రశ్న చాలా సరైనది. లెక్క అక్కడే మొదలవ్వాలి. మన దగ్గర ఇప్పటికే పాతుకుపోయి, మనం ఏ కట్టడీ చేయని రోగాన్ని చూపించి బయటి సరుకుని మాత్రం ఆపుతామంటే ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓ ఒప్పుకోదు. పారిస్‌లో ఉన్న ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ పెట్టిన పద్ధతిలో మొదటి మెట్టు ఇదే. సరుకు వచ్చే దేశంలో ఏ రోగాలున్నాయి, వాటిలో మన దగ్గర లేనివి ఏవి, ఉన్నా ప్రభుత్వ కట్టడిలో ఉన్నవి ఏవి. ఆ జల్లెడలో మిగిలినవే మీ పట్టిక.

ఈక్వడార్ అన్నారు కాబట్టి ఒక కథ. 1992లో అక్కడి టౌరా నది పక్క ఫారాల్లో రొయ్యలు కుప్పలుగా చచ్చాయి. దగ్గర్లో అరటి తోటలున్నాయి, వాటికి కొట్టే బూజు మందులు నీళ్ళలో కలిశాయని చాలాకాలం దాన్నే తిట్టారు. తర్వాత తేలిందేమిటంటే అదొక వైరస్. ఆ నది పేరే దానికి పెట్టారు, టౌరా సిండ్రోమ్. అదే దేశాన్ని 1999లో వైట్ స్పాట్ కూడా కుదిపేసింది. అందుకని వాసు గారూ, మీ పట్టికలో టౌరా తప్పకుండా ఉండాలి. వైట్ స్పాట్‌ని మాత్రం "ఇక్కడా ఉంది" అన్న వివరణతో రాయండి, ఎగిరిపోనివ్వకండి. మీ బయ్యరు దేశంలో అది ఉందో లేదో మనకి తెలీదు కదా.

హేచరీ తాత | మంగళవారం, మధ్యాహ్నం 2.15

నేను చెన్నై తీరం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు మీద హేచరీల్లో పాతికేళ్ళు పని చేసి దిగిపోయినవాణ్ణి. అడ్డదిడ్డం బాబుకి ఒకటి చెప్తా. దిగుమతి అంటే పెట్టెల్లో గడ్డకట్టిందే కాదు. 2009లో వనామికి అనుమతి ఇచ్చినప్పుడు సర్కారు పెట్టిన షరతు ఏంది? తల్లి రొయ్య బయటినుంచి రావాలి, ఫలానా రోగాలు లేనిదని తేలిన ఎస్‌పీఎఫ్‌ది అయ్యుండాలి, నేరుగా హేచరీకి పోకుండా ఇక్కడ నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో దిగి పరీక్షలు అయ్యాకే పోవాలి. విమానం దిగిన రొయ్యకి మనకంటే ముందు క్వారంటైన్ తెలుసు.

ఎస్‌పీఎఫ్ అంటే రోగం రాని రొయ్య అని కొందరు రైతులు ఇప్పటికీ అనుకుంటారు. కాదు నాయనా. ఆ కొన్ని రోగాలు ప్రస్తుతం దానిలో లేవని మాత్రమే. మన చెరువులో దింపిన మరుక్షణం దాని బతుకు దానిది.

ఇంకో ముచ్చట. తల్లి రొయ్య గుడ్లు బాగా పెట్టాలని బతికున్న సముద్రపు పురుగుల్ని మేపుతాం, పాలీకీట్లు అంటారు. తల్లికి ఇంత రాజభోగం చేసి, పరీక్షలు చేసి, దాని నోట్లో పెట్టే పురుగుని మాత్రం ఎవడూ చూసేవాడు కాదు. ఈహెచ్‌పీ అనే కంటికి కనపడని పరాన్నజీవి ఆ దారినే చాలా హేచరీల్లోకి దూరింది. రొయ్య చావదు, ఎదగదు. మేత బిల్లు ఎదుగుతుంది. చస్తే ఒక్కరోజు ఏడుపు, ఇది మూడు నెలల ఏడుపు.

కావలి కుర్రోడు | మంగళవారం, మధ్యాహ్నం 2.40

తాతా, మేత బిల్లు ఎదుగుతుంది అన్నావు చూడు, మా బావ ఇది చదివితే ఏడుస్తాడు. 120 రోజులైనా 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) దాటలేదంట.

కాగితాల కిట్టు | మంగళవారం, సాయంత్రం 6.02

నేను హార్బర్‌లో క్లియరింగ్ పని చేస్తా. రోగాల సంగతి నాకు తెలీదు, కాగితాల సంగతి చెప్తా. చట్టం 1898 నాటిది, లైవ్‌స్టాక్ ఇంపోర్టేషన్ యాక్ట్. దాని కింద శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ కేంద్ర మత్స్యశాఖ దగ్గర తీసుకోవాలి, అదీ సరుకు ఓడెక్కక ముందే. పంపే దేశం అధికారి ఇచ్చిన హెల్త్ సర్టిఫికెట్ పెట్టెతోపాటు రావాలి. ఇక్కడ యానిమల్ క్వారంటైన్ వాళ్ళు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు ఇద్దరూ వేర్వేరుగా చూస్తారు. ఒకరి క్లియరెన్స్ ఇంకొకరికి పనికిరాదు. సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తేడా ఉన్నందుకు కంటెయినర్ కరెంటు ప్లగ్గులో రోజుల తరబడి కూర్చుంటే, ఆ అద్దె మీ ఎండీ గారి ముఖం మీద కనిపిస్తుంది.

గాలం గిరి | మంగళవారం, రాత్రి 9.50

తప్పు ప్రశ్నేమో, తిట్టకండి. నేను ఆదివారాలు చెన్నై పక్కన ముట్టుకాడు కయ్య వైపు గాలం వేస్తాను. ఎరకి సూపర్ మార్కెట్‌లో ఫ్రోజెన్ రొయ్య ప్యాకెట్ కొని ముక్కలు చేసి వాడతా. మిగిలింది నీళ్ళలో పారేసి వస్తా, చేపలు తింటాయి కదా అని. ఇది చదివాక ఏదో తేడాగా అనిపిస్తోంది.

ల్యాబ్ లలిత | మంగళవారం, రాత్రి 10.11

గిరి గారూ, ఈ థ్రెడ్‌కి కావల్సిన మనిషి మీరే. నిజంగా.

రోగం పెట్టెలో దేశంలోకి రావడం ఒక సంగతి. అది ఇక్కడి బతికున్న రొయ్యకో పీతకో చేరడం ఇంకో సంగతి. రిస్కు లెక్కలో ఈ రెండూ వేర్వేరు మెట్లు. మొదటిది ఎంత పెద్దదైనా రెండోది జరగకపోతే నష్టం లేదు. వైట్ స్పాట్ ఉన్న రొయ్యని పులుసు పెడితే కథ అక్కడితో సరి. దాన్నే పచ్చిగా గాలానికి గుచ్చి కయ్యలో వదిలితే, మీరే దాన్ని చేతిలో పట్టుకుని గమ్యానికి చేర్చినట్టు. అందులోనూ ముట్టుకాడులో! ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా వాళ్ళ ప్రయోగ కేంద్రం ఉన్నది అక్కడే.

2016 చివరి నుంచి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం, లోగన్ నది పక్కన ఏడు ఫారాల్లో వైట్ స్పాట్ బయటపడింది. అంతకుముందు వాళ్ళ చెరువుల్లో లేని రోగం. చెరువుల్లో క్లోరిన్ పోసి రొయ్యలన్నిటినీ చంపుకున్నారు. 2017 జనవరిలో పచ్చి రొయ్య దిగుమతి ఆపేశారు, జూలైలో కొత్త షరతులతో మళ్ళీ తెరిచారు. గాలం వేసేవాళ్ళు దుకాణంలో కొన్న దిగుమతి రొయ్యని ఎరగా వాడటం మీద అందరి చూపూ పడింది.

అడ్డదిడ్డం | బుధవారం, ఉదయం 7.30

చూపు పడింది సరే, రుజువైందా? నేను చదివినంతలో ఆ రోగం ఏ దారిన వచ్చిందో ఖాయంగా తేలలేదు. తేలకుండానే మన రొయ్య మీద తలుపేశారు. ఇదే నేను అనేది.

ల్యాబ్ లలిత | బుధవారం, ఉదయం 8.15

ఒప్పుకుంటాను, ఇదే దారి అని తేలలేదు. కానీ వాళ్ళు వెతికితే బయటపడిన ఇంకో సంగతి ఉంది. మసాలా పట్టించిన రొయ్యకి వాళ్ళ దేశంలో పరీక్ష మినహాయింపు ఉండేది, ఎవరూ మసాలా రొయ్యని ఎరగా వాడరని. కొందరు దిగుమతిదారులు ఆ పేరు మీద తెచ్చిన సరుకు మామూలు పచ్చి రొయ్యగా అమ్ముడైంది. రిస్కు లెక్క కాగితం మీద బాగానే ఉంది, మనుషులు దాన్ని పాటిస్తారని అనుకోవడం దగ్గర చెడింది.

మీ కోపానికి మందు కూడా అదే దేశంలో ఉంది. ఆస్ట్రేలియా 1975 నుంచి పచ్చి సాల్మన్‌ని రోగం పేరు చెప్పి ఆపింది. కెనడా డబ్ల్యూటీఓకి వెళ్ళింది. 1998లో తీర్పు ఆస్ట్రేలియాకి వ్యతిరేకంగా వచ్చింది. ఎందుకో తెలుసా? రోగం రావచ్చు అంటే చాలదు, ఎంత సంభావ్యతో లెక్క చూపించాలన్నారు. ఇంకా బాగున్న మాట ఏమిటంటే, తినే సాల్మన్‌ని ఆపుతూ, ఎరకి వాడే గడ్డకట్టిన హెర్రింగ్ చేపనీ, అక్వేరియం కోసం బతికున్న రంగు చేపల్నీ ఎలా రానిచ్చావని నిలదీశారు. అంటే ఈ లెక్క అడ్డంకిగానూ పనిచేస్తుంది, అడ్డంకిని కూల్చే గునపంగానూ పనిచేస్తుంది. లెక్క రాని దేశానికే రెండు విధాలా నష్టం.

అడ్డదిడ్డం | బుధవారం, ఉదయం 8.40

హెర్రింగ్ సంగతి నాకు తెలీదు. సరే, ఒక మెట్టు దిగుతున్నా. ఒక్కటే.

లెక్కల మాస్టారు | బుధవారం, సాయంత్రం 5.20

రొయ్య తినను, శాకాహారిని. కానీ లెక్క అన్నారు కాబట్టి వచ్చాను. "శాంపిల్ తీశాం, నెగెటివ్" అన్న సర్టిఫికెట్‌కి అర్థం ఏమిటో చెప్తాను.

లాటులో నూటికి 5 రొయ్యలకి రోగం ఉందనుకోండి. ఒక రొయ్య తీస్తే అది మంచిదయ్యే అవకాశం 0.95. 59 రొయ్యలు తీస్తే అన్నీ మంచివే వచ్చే అవకాశం 0.95ని 59 సార్లు హెచ్చించాలి, దాదాపు 0.05. అంటే 59 నెగెటివ్ వచ్చాయంటే "నూటికి 5 గాని అంతకు మించి గాని రోగం లేదు" అని 95 శాతం ధీమాగా చెప్పగలం. అంతే! నూటికి 2 ఉంటే పట్టుకోవడానికి 149 కావాలి. నూటికి 1 అయితే 299. ఈ లెక్కంతా పరీక్ష ఎప్పుడూ తప్పు చెప్పదు అనుకుంటేనే, రొయ్యల్ని లాటు నలుమూలల నుంచీ తీస్తేనే. కంటెయినర్ తలుపు దగ్గరి పెట్టెలోంచే 59 తీస్తే అది ఆ పెట్టె సర్టిఫికెట్, కంటెయినర్‌ది కాదు.

ల్యాబ్ లలిత | బుధవారం, సాయంత్రం 5.45

మాస్టారూ, దండం. ఇంకొక్కటి కలుపుతాను. పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్ని చూస్తుంది, అది బతికుందో చచ్చిందో చెప్పదు. ఉడికించిన రొయ్యలోనూ పాజిటివ్ రావచ్చు. అందుకని పాజిటివ్ అనగానే గుండె జారిపోనక్కర్లేదు, నెగెటివ్ అనగానే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోనూ అక్కర్లేదు.

వేళచ్చేరి వాసు | గురువారం, రాత్రి 8.55

మీ పుణ్యమా అని నిన్న మధ్యాహ్నం మొదటిసారి మా ప్లాంటుకి వెళ్ళాను. మూడేళ్ళుగా దాని పేరు మీద కాగితాలు రాస్తున్నాను, లోపలికి వెళ్ళింది లేదు.

పీలింగ్ షెడ్ శుభ్రంగానే ఉంది. గడ్డ కరిగించిన నీళ్ళు ఎటు పోతాయని అడిగాను. సూపర్‌వైజర్ వెనక్కి తీసుకెళ్ళి ఒక కాలవ చూపించాడు. "అది ఎందులో కలుస్తుంది?" అంటే "బకింగ్‌హామ్ కాలవలో సార్, ఎప్పట్నించో అంతే" అన్నాడు. ఇక్కడి రొయ్యలు ఒలిచినంత కాలం ఎవరికీ ప్రశ్న రాలేదు.

తలకాయలు, పెంకులు ఏమవుతాయని అడిగాను. రోజూ సాయంత్రం ఒక ఆటో వస్తుందట, కిలోల లెక్కన కొనుక్కెళ్తారట. ఎక్కడికో తెలుసా? పులికాట్ వైపు పీతలు బలిపించేవాళ్ళ దగ్గరికి. పచ్చివే వేస్తారట, పీతలు బాగా తింటాయట.

అక్కడే నిలబడి లలిత గారి రెండో మెట్టు గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది.

హేచరీ తాత | గురువారం, రాత్రి 9.20

వాసూ, ఆ తలకాయలే అసలు సంగతి. వైరస్ ఎక్కువగా ఉండేది తలలో, మొప్పల్లో, పెంకు కింది పొరలో. తినే కండలో తక్కువ. ఆస్ట్రేలియావాడు పచ్చి రొయ్య తల, పెంకు, పేగు తీసి పంపమన్నది అందుకే. మీ ఎండీ తెప్పించేదేమో తలతో. మంచి భాగం ఒలిచి బయటి దేశానికి, రోగం ఉండే భాగం ఒలిచి పులికాట్‌కి!

పీతకి వైట్ స్పాట్ ఉన్నా చాలాసార్లు చావదు, మోస్తా తిరుగుతుంది. ఆ సరస్సు అంచున అటు మన సూళ్ళూరుపేట వైపు చెరువులున్నాయి.

కావలి కుర్రోడు | గురువారం, రాత్రి 9.26

తాతా ఇంక చాల్లే. నాకు నిద్ర పట్టదు.

కాగితాల కిట్టు | గురువారం, రాత్రి 9.40

వాసు గారూ, పర్మిట్ దరఖాస్తులో సరుకు వర్ణన మార్చాలంటే ఇప్పుడే మార్చండి. తలతో అని పర్మిట్ తీసుకుని తల లేనిది దింపితే, లేక అటూ ఇటూ అయితే, అప్పుడు నన్ను అనొద్దు.

వేళచ్చేరి వాసు | శుక్రవారం, రాత్రి 7.30

రెండు పేజీలు ఐదయ్యాయి. టౌరా, వైట్ స్పాట్, ఇంకో మూడు పేరు పేరునా రాశాను. లలిత గారు చెప్పినట్టు దేశంలోకి రావడం ఒక భాగం, ఇక్కడి ప్రాణికి చేరడం ఇంకో భాగం. రెండో భాగంలో మూడు దారులు పెట్టాను: కరిగిన నీళ్ళు, తలకాయల ఆటో, తిరస్కరించిన సరుకు లోకల్ మార్కెట్‌కి వెళ్ళి ఎరగా మారడం (గిరి గారూ, మీ పేరు రాయలేదు). ఒక్కోదాని పక్కనా ఏం చేస్తే తగ్గుతుందో రాశాను. తల, పెంకు తీసిన సరుకే తెప్పించడం, నీళ్ళని క్లోరిన్ ట్యాంకులో నిలబెట్టి వదలడం, వ్యర్థం ఉడికించాకే గేటు దాటడం. సున్నా అన్న మాట ఎక్కడా లేదు. మాస్టారి 59 కూడా ఉంది, కింద 149, 299 కూడా.

ఎండీ గారు ఐదు పేజీలూ తిరగేశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒక్కటే: "తల తీసింది తెప్పిస్తే కిలోకి ఎంత ఎక్కువ పడుద్ది?" ఆ కొటేషన్ సోమవారం వస్తుంది. తలకాయల ఆటోని మాత్రం అప్పటిదాకా రావద్దన్నారు. ఆ ఆటో అతను నాకు ఫోన్ చేసి, నా కడుపు కొట్టావు సార్ అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. ఇక్కడి రొయ్య తలకాయలైనా ఉడికించి ఇవ్వొచ్చా తాతా? పీతలు తింటాయా?

హేచరీ తాత | శుక్రవారం, రాత్రి 8.05

తింటాయి. మొదట్లో మొహం తిప్పుకుంటాయి, ఆకలేస్తే అవే తింటాయి. అతని నంబరు నాకు మెసేజ్ చెయ్, నేను మాట్లాడతా.

గాలం గిరి | శుక్రవారం, రాత్రి 8.32

ఫ్రిజ్‌లో ఉన్న ఎర ప్యాకెట్ ఇవాళ మా ఆవిడ వేపుడు చేసేసింది. ఆదివారం మళ్ళీ ముట్టుకాడు. ఈసీఆర్ వైపు వానపాములు దొరికే చోటు ఎవరికైనా తెలుసా?